ఇంట్లో ఎర్ర లైటు: ఏది కొనాలి, ఎవరు కొనకూడదు

(కాలనీ సీనియర్ సిటిజన్ల నెలవారీ సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నమస్కారమండీ. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఆ మూల ఫ్యాను ఒక్కటి ఆపితే బాగుంటుంది, చాలా చప్పుడు చేస్తోంది. ఆ, సరిపోయింది. టేబుల్ మీద ఈ సామాను చూసి ఏదో అమ్మడానికి వచ్చాడని అనుకోకండి, నేను ఏదీ అమ్మను, ఏ కంపెనీది కొనండి అని కూడా చెప్పను. ఇందులో కొన్ని మా క్లినిక్‌వి, కొన్ని మా పేషెంట్లు "ఇది మంచిదేనా సార్, మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించాడు" అని తెచ్చి చూపించినవి. ఇదిగో, స్టాండుకి బిగించిన ఎర్ర బల్బు. ఇది చిన్న చిన్న ఎల్ఈడీలు వరసగా ఉన్న ప్యానెల్. ఇది నడుముకో మోకాలికో చుట్టుకునే బెల్టు. నాలుగోది టీవీ రిమోటు, మా ఇంట్లోదే, దానితో పనుంది.

ఈ మూడింటినీ ఇన్‌ఫ్రారెడ్ థెరపీ అనే ఒకే పేరు మీద అమ్ముతున్నారు. గొడవంతా అక్కడే మొదలవుతోంది. ఎందుకంటే ఈ బల్బు చేసే పని వేరు, ఈ ప్యానెల్ చేస్తుందని చెప్పే పని వేరు. ఒకటి కాపడం, మన అమ్మమ్మలు ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి పెట్టిన కాపడమే, కాకపోతే కరెంటు మీద. రెండోది వేడితో సంబంధం లేకుండా వెలుగే కణాల మీద పనిచేస్తుందనే సిద్ధాంతం. మీకు కావాల్సింది ఏదో తేల్చుకోకుండా ధర చూసి, రేటింగు చూసి కొంటే మోకాలి నొప్పికి జుట్టు పెరిగే మిషను కొన్నట్టే ఉంటుంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఏ రంగులో ఎంత వేడి ఉందో థర్మామీటర్లతో చూస్తున్నాడు. ఎరుపు అయిపోయిన తరవాత, ఏ రంగూ కనిపించని చోట థర్మామీటరు పెడితే అక్కడ వేడి ఇంకా ఎక్కువగా ఉంది. అదే ఇన్‌ఫ్రారెడ్. వెలుగు తరంగం పొడవుని నానోమీటర్లలో కొలుస్తారు. కంటికి కనిపించే ఎరుపు సుమారు 700 నానోమీటర్ల దగ్గర ముగుస్తుంది, అక్కడి నుంచి 1400 దాకా దగ్గరి ఇన్‌ఫ్రారెడ్, 3000 దాటితే దూరపు ఇన్‌ఫ్రారెడ్, ఫార్ ఇన్‌ఫ్రారెడ్ అని డబ్బా మీద రాసేది అదే. ఈ దూరపు రకం చర్మం పైపొరలో ఉన్న నీటిలోనే ఆగిపోతుంది, లోపలికి దూరదు, చర్మం వేడెక్కి ఆ వేడి మెల్లగా లోపలికి పాకుతుంది, అంతే. ఇంకో సంగతి, మన ఒళ్లు కూడా రోజంతా దూరపు ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లుతూనే ఉంటుంది, పక్క కుర్చీలో కూర్చున్నాయన కూడా మీకు ఉచితంగా ఇస్తున్నాడు. (నవ్వులు) కాబట్టి "మా పరుపులో ప్రత్యేకమైన రాళ్లున్నాయి, అవి ఫార్ ఇన్‌ఫ్రారెడ్ ఇస్తాయి" అని ఎవరైనా అంటే, ఇస్తాయి నిజమే, వేడెక్కిన ఏ రాయైనా ఇస్తుంది.

ఆ పరుపుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మీలో చాలామంది ఆ సెంటర్లకి వెళ్తున్నారని నాకు తెలుసు. మన ఊళ్లలో మెయిన్ రోడ్డు మీద ఒక హాలు తీసుకుని, ఉచితంగా రోజూ అరగంట పడుకోమంటారు. వెచ్చగా ఉంటుంది, వీపు కింద రోలర్లు తిరుగుతాయి, మాట్లాడటానికి నలుగురు తోటివాళ్లు ఉంటారు, హాయిగానే ఉంటుంది, కాదనను. నెలా రెండు నెలలు గడిచాక షుగరు తగ్గుతుంది, బీపీ మాత్రలు మానేయొచ్చు అనే మాటలు మొదలవుతాయి, అప్పుడు లక్షకి పైన ధర చెబుతారు. హాయిగా ఉందని కొనుక్కుంటే అది మీ ఇష్టం, మీ డబ్బు. మాత్ర మానమన్న రోజున మాత్రం అక్కడికి వెళ్లడం మానండి.

సరే, బల్బు దగ్గరికి వద్దాం. ఇది 150 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు, ముందు ఎర్ర గాజు ఉంటుంది. మెడ పట్టేయడం, నడుము బిగుసుకుపోవడం, పొద్దున్నే మోకాళ్లు కదలకపోవడం, ఇలాంటివాటికి ఇది పనికొస్తుంది. కండరం వదులవుతుంది, ఆ చోట రక్తప్రసరణ పెరుగుతుంది, కొన్ని గంటలు ఉపశమనం. మోకాలి గుజ్జు తిరిగి రాదు, దేనితోనూ రాదు. కాపడం పెట్టింది ఎందుకంటే ఆ వెచ్చదనంలో, నొప్పి కాస్త తగ్గిన ఆ అరగంటలో, తొడ కండరానికి నేను చెప్పిన వ్యాయామం చేస్తారని. వ్యాయామం ఎగ్గొట్టి లైటు ఒక్కటే పెట్టుకునేవాళ్లు వేడినీళ్ల బ్యాగుతో సరిపెట్టుకోవచ్చు, రెండూ ఒకటే.

దీని ధర స్టాండుతో కలిపి రెండు వేల లోపే దొరుకుతుంది. పావుగంట పెడితే సుమారు 26 సార్లకి ఒక యూనిట్ కరెంటు, బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు. కొనేటప్పుడు చూడాల్సింది బల్బుని కాదు, హోల్డరుని. దగ్గరికి రండి, చూపిస్తాను. ఇది మరలాగా తిప్పి బిగించే బల్బు, మన ఇళ్లలో ఉండే రెండు పిన్నుల బల్బు కాదు. ఇది పట్టుకున్న భాగం తెల్లగా, చల్లగా తగులుతోంది కదా, ఇది పింగాణీ. అంటే వేడికి కరగదు. కొన్ని చవక స్టాండ్లలో ఇక్కడ ప్లాస్టిక్ పెడతారు, పది నిమిషాలకి వాసన మొదలవుతుంది, కొన్నాళ్లకి హోల్డరు పసుపు రంగు తిరిగి పగుళ్లిస్తుంది. ఇంట్లో ఉన్న చదువుకునే టేబుల్ ల్యాంపుకి ఈ బల్బు తగిలించడం కూడా అందుకే వద్దు. బల్బు ముందు ఈ తీగల జాలీ ఉండాలి. అడుగు బరువుగా ఉండాలి, మనవడి కాలు తగిలితే పడిపోయే స్టాండు వద్దు.

కొంతమంది కోళ్ల ఫారాల్లో కోడిపిల్లలకి వెచ్చదనం కోసం పెట్టే 250 వాట్ల బల్బు తెచ్చుకుంటున్నారు, అదీ ఇన్‌ఫ్రారెడ్డే కదా అని. ఇన్‌ఫ్రారెడ్డే, కానీ వేడి ఎక్కువ, ఇంట్లో ఒక్కరే ఉండి పెట్టుకునే వస్తువు కాదది. ఏ బల్బయినా సరే, మనిషికి నేరుగా పైన వేలాడదీయకూడదు, పక్క నుంచి పడేలా పెట్టాలి. వేడి మీదున్న గాజు మీద ఒక నీటి చుక్క పడినా పగిలిపోవచ్చు, పగిలితే మీ మీద పడకూడదు. దూరం మూరెడు ఉండాలి, అంటే 45 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి వెచ్చగా హాయిగా ఉండే చోట ఆపండి. దూరం సగం చేస్తే వేడి రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. పది నుంచి పదిహేను నిమిషాలు చాలు. టైమరు లేని స్టాండయితే ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఎందుకంటే వెచ్చగా ఉంటే నిద్ర పడుతుంది, నిద్రలో కాలితే లేచాకే తెలుస్తుంది.

ఇంకొకటి, నొప్పి బామ్ రాసుకుని దాని మీద లైటు పెట్టుకోవద్దు. మన వాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది, ముందు బామ్, పైన కాపడం. బామే చర్మాన్ని మండిస్తుంది, పైన ఈ వేడి తోడైతే బొబ్బలొస్తాయి. నెలల తరబడి ఒకే చోట రోజూ వేడి పెడితే చర్మం మీద వల అల్లినట్టు గోధుమ రంగు మచ్చలు పడతాయి. అవి కనిపిస్తే ఆపేసి చర్మ డాక్టరుకి చూపించండి.

ఏమన్నారు మాస్టారూ? బల్బు ఎర్రగా వెలిగితే అది ఇన్‌ఫ్రారెడ్ అన్నట్టేనా? కాదండీ. మామూలు ఎల్ఈడీ బల్బుకి ఎర్ర ప్లాస్టిక్ మూత పెట్టి కూడా అమ్ముతారు. అసలైన దానికి వెలిగించిన నిమిషంలోనే అరచేతికి వేడి తగులుతుంది. తగలకపోతే అది పెళ్లిపందిరికి పనికొస్తుంది.

ఇప్పుడు రెండోది, ప్యానెల్. ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ మాటలు వినేదీ దీని మీదే. 1967లో బుడాపెస్టులో ఎండ్రే మెస్టర్ అనే డాక్టరు ఎలుకల వీపు గొరిగి, దాని మీద తక్కువ శక్తి ఉన్న రూబీ లేజరు వేశాడు, లేజరు పడిన ఎలుకలకి జుట్టు తొందరగా వచ్చింది. అక్కడ మొదలైంది ఈ కథ. ఇప్పుడు దీన్ని ఫోటోబయోమాడ్యులేషన్ అంటున్నారు. ఎక్కువమంది చెప్పే వివరణ ఏమిటంటే, కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంది, అది 600 నుంచి 900 నానోమీటర్ల లోపు కొన్ని తరంగాలని పీల్చుకుంటుంది, దానితో కణం పని చురుకవుతుంది. అందుకే ప్యానెళ్ల మీద 630, 660, 810, 850 అనే అంకెలు కనిపిస్తాయి. ఇది పూర్తిగా బూటకం అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. క్యాన్సర్ చికిత్సలో నోరంతా పుండ్లు పడతాయి కదా, ఆ పుండ్లు రాకుండా ఆసుపత్రుల్లో ఈ వెలుగు వాడటానికి మంచి ఆధారాలున్నాయి, అంతర్జాతీయ మార్గదర్శకాల్లో కూడా చేరింది. మెడ నొప్పికి తక్కువ శక్తి లేజరు మీద 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 16 ట్రయల్స్, అంటే పేషెంట్ల మీద చేసిన పరీక్షలు, కలిపి చూసిన సమీక్ష వచ్చింది, 820 మంది పేషెంట్లు, దీర్ఘకాలం మెడ నొప్పి ఉన్నవాళ్లకి చికిత్స అయ్యాక కూడా కొన్ని వారాలు ఉపశమనం నిలిచిందని తేలింది.

కానీ అక్కడ వాడింది ఏమిటి? లేజరు. చేత్తో పట్టుకుని, చర్మానికి ఆనించి, ఒక్కో బిందువు దగ్గర లెక్క ప్రకారం ఇచ్చిన మోతాదు. మీరు కొనేది అడుగు దూరంలో గోడకి తగిలించే ఎల్ఈడీ ప్యానెల్. ఆ ట్రయల్‌ని తెచ్చి ఈ ప్యానెల్ ప్రకటన కింద అతికిస్తారు. అది న్యాయం కాదు.

ఇంకా ముఖ్యమైనది షుగరు ఉన్నవాళ్ల పాదాల తిమ్మిర్లు. అమెరికాలో 890 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ప్యాడ్లు పాదాలకి కట్టే పరికరాలు దీని కోసం బాగా అమ్ముడయ్యాయి. 2006లో అక్కడి మెడికేర్, అంటే పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, వాళ్లు ఆధారాలన్నీ చూసి, షుగరు తిమ్మిర్లకి ఈ పరికరాల ఖర్చు ఇచ్చేది లేదని తేల్చేశారు. 2008లో డయాబెటిస్ కేర్ పత్రికలో వచ్చిన ట్రయల్‌లో సగం మందికి నిజం ప్యాడ్లు, సగం మందికి వెలుగు రాని ఉత్తుత్తి ప్యాడ్లు కట్టారు, ఎవరిది ఏదో వాళ్లకి తెలియదు. రెండు గుంపుల మధ్యా తేడా రాలేదు. ఇక్కడ ఇప్పటికీ అదే రకం బెల్టు "షుగర్ పేషెంట్లకి ప్రత్యేకం" అని అమ్ముతున్నారు.

ఎవరు ప్యానెల్ కొనుక్కోవచ్చు అంటాను నేను? మెడ, భుజం, మోకాలి నొప్పికి డాక్టరుకి చూపించుకుని, వ్యాయామం చేస్తూ, దానికి తోడుగా ఇంకోటి ప్రయత్నిద్దాం, డబ్బు పోయినా పర్వాలేదు అనుకునేవాళ్లు. అప్పు చేసి కొనేది కాదు.

కొనేవాళ్లు ఒక్క అంకె అడగండి. ఎన్ని ఎల్ఈడీలు అని కాదు. ఎన్ని వాట్లు అని కూడా కాదు, ఎందుకంటే 300 ఎల్ఈడీలు ఒక్కోటి 5 వాట్లు అని గుణించి 1500 వాట్లు అని రాసేస్తారు, ప్లగ్గు దగ్గర కొలిస్తే అందులో చిన్న భాగమే లాగుతుంది. అడగాల్సింది, నేను పెట్టుకునే దూరంలో, నా చర్మం మీద చదరపు సెంటీమీటరుకి ఎన్ని మిల్లీవాట్లు పడుతుంది అని. ఉదాహరణకి 30 మిల్లీవాట్లు అనుకోండి. పది నిమిషాలంటే 600 సెకన్లు. 30ని 600తో గుణిస్తే 18,000 మిల్లీజౌళ్లు, అంటే చదరపు సెంటీమీటరుకి 18 జౌళ్లు. మందుకి మిల్లీగ్రాముల్లో మోతాదు ఉన్నట్టు దీనికి జౌళ్లలో ఉంటుంది. ఈ లెక్క చెప్పలేని అమ్మకందారుడికి తన వస్తువు ఎంత మోతాదు ఇస్తుందో తెలియదన్నమాట. దూరం చెప్పకుండా 100 మిల్లీవాట్లు అని రాస్తే అది ప్యానెల్ ముందున్న అద్దానికి మీటరు ఆనించి కొలిచిందేమో. సోలార్ ప్యానెళ్లకి వాడే చవక మీటరుతో కొలిచి చూపించే వీడియోలు చాలా ఉన్నాయి, ఆ మీటరు ఎండకి సరిచేసింది, ఎల్ఈడీ మీద పెడితే ఉన్నదానికంటే బాగా ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైతే మంచిదే కదా అనుకోకండి, ఒక మోతాదు దాటాక ఫలితం తగ్గుతుందని ల్యాబ్ ప్రయోగాల్లో చాలాసార్లు కనిపించింది.

ఇప్పుడు రిమోటు. బాబూ, నీ ఫోన్ ఒకసారి ఇవ్వు. ముందు కెమెరా, సెల్ఫీది పెట్టు. ఇదిగో రిమోటు బటను నొక్కుతున్నాను, మీ కంటికి ఏమైనా కనిపిస్తోందా? లేదు. స్క్రీన్ మీద చూడండి, చిన్న ఊదారంగు చుక్క మిణుకుమంటోంది. ఇప్పుడు ఈ ప్యానెల్ వేస్తాను. కంటికి సగం ఎల్ఈడీలు ఎర్రగా, సగం ఆరిపోయినట్టు ఉన్నాయి కదా, అందరూ "సగం పాడైపోయాయి సార్" అనే ఫిర్యాదుతో తెస్తారు. ఫోన్‌లో చూస్తే అవీ వెలుగుతున్నాయి. అవే 850వి. ఇప్పుడు ఈ బెల్టు వేస్తున్నాను, డబ్బా మీద 660, 850 అని రెండూ రాసి ఉన్నాయి. ఎర్రవి వెలిగాయి, మిగతావి కంటికీ లేవు, ఫోన్‌లోనూ లేవు. అంటే ఇందులో ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు పనిచేయడం లేదు, లేదా అసలు లేవు. కొన్ని ఫోన్ల కెమెరాలకి ఈ కనిపించని వెలుగుని ఆపే ఫిల్టరు గట్టిగా ఉంటుంది, అందుకే ముందు రిమోటుతో చూసుకుని, అది కనిపించే ఫోన్‌తోనే పరికరాన్ని చూడాలి. డబ్బా తెరిచిన రోజే చేయండి, రిటర్ను గడువు దాటకముందే.

కంటికి కనిపించదు కాబట్టే ఇంకో జాగ్రత్త. ఎండ పడితే కళ్లు మూసుకుంటాం, ఇది పడితే మూసుకోం. పూర్వం గాజు ఊదే కార్మికులకి కొలిమి వేడి వల్ల శుక్లాలు వచ్చేవని వైద్య పుస్తకాల్లో ఉంది. మొహానికి పెట్టుకునే లైటు మాస్కులైతే 2019లో ఒక పెద్ద అమెరికన్ కంపెనీయే తన మాస్కుని వెనక్కి తీసుకుంది, కంటి సమస్యలున్న కొందరికి ప్రమాదం ఉండొచ్చని. అది ఎరుపు, నీలం వెలుగుల మాస్కు. కాబట్టి రెటీనా జబ్బున్నవాళ్లు, శుక్లాల ఆపరేషన్ ఈ మధ్యే అయినవాళ్లు కంటి డాక్టరుని అడగందే మొహం దగ్గర ఏ లైటూ పెట్టుకోవద్దు. మిగతావాళ్లు కూడా ప్యానెల్‌తో వచ్చిన కళ్లజోడు పెట్టుకోండి.

సర్టిఫికెట్ల సంగతి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ డ్రగ్స్ చట్టం కిందికి వచ్చాయి, చూసేది సీడీఎస్‌సీఓ, అంటే కేంద్ర ప్రభుత్వ మందుల నియంత్రణ సంస్థ. చికిత్సకి అని అమ్మే పరికరం డబ్బా మీద లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా ఉండాలి. చిరునామా లేకుండా ఈమెయిల్ ఒక్కటే ఉంటే పక్కన పెట్టేయండి. ఎఫ్‌డీఏ, అంటే అమెరికా మందుల నియంత్రణ సంస్థ, దాంట్లో రిజిస్టర్డ్ అని గద్ద బొమ్మతో సర్టిఫికెట్ చూపిస్తే మోసపోకండి. రిజిస్టర్ చేయించుకోవడం అంటే జాబితాలో పేరు రాయించుకోవడమే, పరీక్షించి బాగుందన్నట్టు కాదు. పైగా ఎఫ్‌డీఏ అలాంటి సర్టిఫికెట్లు ఇవ్వదు, అవి ప్రైవేటు వాళ్లు అచ్చువేసినవి.

బెల్టు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. చర్మానికి ఆనుతుంది కాబట్టి దూరం గొడవ లేదు, అది మంచి విషయమే. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే చార్జింగ్ పెట్టొద్దు. చుట్టుకుని పడుకోవద్దు.

ఇక అసలు పెట్టుకోకూడనివాళ్లు. కాళ్లలో స్పర్శ తగ్గిన షుగర్ పేషెంట్లు, ముందు వరసలో మీరే. కాలుతున్నా తెలియదు, బొబ్బ వస్తుంది, పుండవుతుంది, ఆ పుండు ఎక్కడికి పోతుందో ఇక్కడున్న కొన్ని కుటుంబాలకి నేను చెప్పక్కర్లేదు. కాళ్లలో రక్తనాళాలు మూసుకుపోయినవాళ్లు, క్యాన్సర్ ఉన్న లేదా ఉందని అనుమానమున్న చోట, గర్భిణుల పొట్ట మీద, కొత్తగా బెణికి వాచిన చోట మొదటి రెండు రోజులు, జ్వరంలో, ఇవన్నీ వద్దు. ఎండకి చర్మం కమిలేలా చేసే మందులు కొన్ని ఉంటాయి, మీ మందుల చీటీ డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించండి. స్పర్శ ఉందో లేదో ఇంట్లో చూసుకోవాలంటే రెండు స్టీలు గ్లాసులు తీసుకుని, ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్లు, ఒకదాంట్లో చల్లటి నీళ్లు పోసి, మీరు కళ్లు మూసుకుంటే ఇంట్లోవాళ్లు ఆ చోట ఒక్కోటి ఆనించాలి. ఏది ఏదో ప్రతిసారీ సరిగ్గా చెప్పగలిగితేనే లైటు.

ఆ, అమ్మా, అడగండి. కూతురు డాలస్ నుంచి ప్యానెల్ పంపిస్తానంటోంది, తీసుకోవచ్చా? అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. ప్యానెల్ వెనక గానీ అడాప్టరు మీద గానీ సన్నటి అక్షరాల్లో 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చుకుని వాడొచ్చు. 120 అని మాత్రమే ఉంటే వద్దు, ఇక్కడి ప్లగ్గులో పెట్టగానే పాడవుతుంది, బల్బు రకమైతే పగలొచ్చు కూడా. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో పంపించకముందే కనుక్కోమనండి, రిపేరుకి తిరిగి డాలస్ పంపాలంటే కొత్తది కొన్నంత అవుతుంది. ముందు ఆ లేబుల్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమని చెప్పండి, ఫోటో నాకు చూపిస్తే నేను చెబుతాను.

ఇంకెవరైనా? సరే, అయితే చెప్పులు విప్పి ఈ కుర్చీల దగ్గరికి రండి, సన్నటి నైలాను తీగతో పాదం స్పర్శ చూస్తాను, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతుంది. షుగరున్నవాళ్లు ముందు రండి.